పొల్లు రాలిన బోర్డు

బాలానగర్‌లో, చౌరస్తా దాటాక మూడో సందులో
రేకుల షెడ్డు మీద బోర్డు:
"జాంగీర్ లేత వర్క్స్."
త మీది పొల్లు ఏ వానకు రాలిందో,
పెయింటరే మరిచాడో.
స్కూటర్ ఆపింది ఆ పొల్లు కోసమంటే
మా ఆవిడ నమ్మదు.
అపార్ట్‌మెంట్ మోటారు షాఫ్టు అరిగింది,
అదీ నిజమే.

ఏడాదిగా నిఘంటువు పనిలో ఉన్నాను,
కార్డుకి పన్నెండు రూపాయలు.
లేత్: నామవాచకం. తిరిగే ఇనుమును
తిరగని ఉలితో చెక్కే యంత్రం.
అర్థం అరనిమిషంలో అయిపోయింది.
'పుట్టుక' అనే గడి దగ్గర
పెన్నుకి మూత పెట్టేశాను.
లావుపాటి పుస్తకాలు ఆరు తిరగేస్తే
అయిదు "బహుశా" అన్నాయి,
ఆరోది నోరు విప్పలేదు.
బహుశా చలిసముద్రాల అవతలి మాట.
బహుశా డేన్‌ల నోట 'లాడ్',
అంటే దన్ను, చట్రం, దేన్నయినా నిలబెట్టే బల్ల.
ఇంత రొద చేసే యంత్రం
తన ఊరి పేరు అడిగితే మాత్రం
గొణుగుతుంది.

మనకి మాట లేకనా?
తరిమెన.
మంచానికి తరిమెన పట్టిన కోళ్లని
మా మేనత్త వచ్చినవాళ్లందరికీ చూపించేది,
పడుకున్నవాళ్లని లేపి మరీ.
తరగడమూ తరమడమూ కలిసి
ఆ మాట అయిందని నా ఊహ.
కార్డు మీద రాస్తే
సంపాదకుడు ఎర్రగీత కొడతాడు.

జాంగీర్‌ని అడిగాను.
"ఖరాద్ అంటరు సార్ మాతాన.
మా తాత హుక్కా గొట్టాలు తిప్పేటోడు పాతబస్తీల.
ఒక చేత్తోని కమాను, కాలివేళ్లతోని ఉలి.
లేత్ అంటే ఏందో నాకెర్క లేదు,
కరెంటుతోని వచ్చింది ఆ పేరు."

మిషన్ దగ్గర సలోమి.
మల్లేపల్లి ఐటీఐ, టర్నర్ ట్రేడు,
జడ మడిచి చొక్కా లోపలికి దోపుకుంది.
షాఫ్టు చక్‌లో బిగించి
అది వంకర తిరుగుతోందేమో
నిలబడి కాసేపు చూసింది,
ఎవరో అబద్ధం చెబుతుంటే చూసినట్టు.
తర్వాత ఉలి ఆనించింది.
ఇనుము నీలంగా చుట్టలు చుట్టుకుంటూ జారింది,
పొట్లపాదు నులితీగలా,
అచ్చం లేతగా.
చెయ్యి చాచాను.
"సార్! కాలుతది, బ్లేడు లెక్క కోస్తది."

ఇంకాస్త నునుపు చెయ్యమన్నాను.
మైక్రోమీటరు తుడిచి, పెట్టి, చదివి, తలూపింది.
"ఇంకొక్క కట్ పడితే సైజు పోతది.
తీసింది మల్ల అతికియ్యరాదు సార్."

ఆరు పుస్తకాలూ గుర్తొచ్చాయి.
పొర కింద పొర తీసుకుంటూ పోయి
ఒకచోట చెయ్యి వెనక్కి తీసుకున్న
ఎవరో ముసలాయన గుర్తొచ్చాడు,
నేనెప్పుడూ చూడని ఆయన.

జాంగీర్ మిషన్ మీద అరచేత్తో చరిచాడు:
"మోటరు మూడుసార్లు మార్చిన. చక్కు మార్చిన.
గేర్లు రాణీగంజ్‌ల సెకండ్ హ్యాండ్.
బెడ్డు ఒక్కటే మా నాయిన కొన్నది.
అది సక్కగుంటే ఏమన్న నిలవడ్తది."
ఆ బెడ్డు కొసన టిఫిన్ డబ్బా, నూనె గుడ్డ,
ఒక కాడ విరిగిన కళ్లజోడు.
లాడ్, అనుకున్నాను.
పైకి అన్నాను కూడా,
మిషన్ మళ్లీ మొదలైంది.

రసీదు: "లేత పని. 350."
ఇందులోనూ పొల్లు లేదు.
"బోర్డన్నా సరిచేయించరాదా?"
"ఒక్క గీతకు పెయింటర్ నూటయాభై అడిగిండు.
తప్పు చదివి ఎవరన్న వాపస్ వోయిండ్రా?"
సలోమి అటు తిరిగి నవ్వుకుంది.

రాత్రి నీళ్లెక్కాయి. మూడో అంతస్తు దాకా.
కార్డు తీసి గడి నింపాను:
పుట్టుక తెలియదు.
త మీద పొల్లు మాత్రం
గట్టిగా నొక్కి పెట్టాను.
కార్డు వెనక తడిమితే
వేలికి తగులుతోంది.